రేపల్లె ఎందుకు జవాబు రాయలేదు

యాత్రలకు పుణ్యం కోసం వెళ్ళేవాళ్ళున్నారు, ఫోటోల కోసం వెళ్ళేవాళ్ళున్నారు. నేను మొన్న కార్తీకంలో తెనాలి, బాపట్ల, రేపల్లె తిరిగొచ్చింది మాత్రం ఒక మనిషి బాగుందో లేదో కళ్ళారా చూసుకుందామని. ఆ మనిషి పేరు నాకు తెలియదు, మొహం ఎన్నడూ చూడలేదు. ఈ సంగతి విని మా హెడ్మాస్టరు, "మేడం, మీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాడు. పట్టిందనే అనుకోండి.

నేను కదిరి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళకి చెప్పి చెప్పి విసిగిపోయాను కాబట్టి ఇక్కడ చెప్పను. సాయంత్రాలు ఇంట్లో నేనూ, తిరిగే ఫ్యానూ. ఆ సాయంత్రాలు గడవకనే చిన్న తరగతుల టీచర్ల కోసం నెట్‌లో ఒక పేజీ పెట్టాను. దాని పేరు 'లెక్కల అంగడి'. భిన్నాలకి ఆటలు, ఎక్కాలకి పాటలు, ప్రింటు తీసి పిల్లలకి పంచే వర్క్‌షీట్లు, ఫోన్‌లో ఆడించే క్విజ్‌లు, అన్నీ ఉచితం. పటాలు గీసిపెట్టేవి, ప్రశ్నపత్రం తయారుచేసిపెట్టేవి, మనం మాట్లాడితే టైపు చేసిపెట్టేవి నెట్‌లో ఊరికే దొరుకుతాయి. వాటిని ఏరుకొచ్చి మన పాఠాలకి, మన భాషకి సరిపడేలా మార్చి పెట్టడం నా పని.

అంగడైతే తెరిచాను గాని, అందరూ చూసిపోయేవాళ్ళే. బాగుందనో బాగాలేదనో ఒక్క ముక్క రాసేవాళ్ళు లేరు. ఒకామె తప్ప.

ఆమె 'రేపల్లె' అనే పేరుతో రాసేది. ప్రతి శనివారం మధ్యాహ్నం వచ్చేది ఆమె ఉత్తరం. "టీచర్ గారికి నమస్కారం" అని మొదలు. ఆ వారం ఏం నేర్చుకుందో రెండు మాటలు, ఒక సందేహం, ఆ తర్వాత ఇంటి సంగతి. చిన్న వయసు టీచరమ్మ అయ్యుంటుంది, చెప్పేవాళ్ళు లేక నన్నడుగుతోంది అనుకున్నాను. మొదట్లో సందేహం తీర్చి ఊరుకునేదాన్ని. పోను పోను నా సంగతులూ రాయడం మొదలుపెట్టాను. నా మోకాలి నొప్పి, మా పెరట్లో పిల్లి ఈనడం, ఒక్కదాని కోసం సంగటి కెలుక్కోవాలంటే వచ్చే బద్ధకం, అన్నీ. మరుసటి శనివారం "మీ మోకాలు ఎలా ఉంది?" అని ఉండేది. నా మోకాలి గురించి అడిగే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

ఆమెది పెద్ద కుటుంబం. ఒక వారం మామయ్య హోటల్లో బిర్యానీ వండుతాడని రాస్తుంది, ఇంకో వారం అమ్మ చేపల గంప ఎత్తుకుని వెళ్తుందని రాస్తుంది. రంజాన్‌కి ఇంట్లో సేమియాల పాయసం, జాతరకి గంగమ్మకి పొంగళ్ళు. ఓహో, ప్రేమపెళ్ళి కాబోలు అనుకున్నాను. ఒకసారి నాన్న పడవ ఇంకా రాలేదు, అందరికీ దిగులుగా ఉంది అని రాసింది. నేను వారమంతా అల్లాడిపోయి, పడవ వచ్చిందా అని అడిగితే, తర్వాతి వారం పడవ ఊసే లేదు. అన్నయ్య టైలరింగు నేర్చుకుంటున్నాడట! నాకు ఒళ్ళు మండింది. అయినా అంతమంది ఉన్న ఇంట్లో ఒకరి దిగులు ఒకరు మరిపిస్తారు కాబోలు అనుకుని అసూయపడ్డాను కూడా.

వానాకాలంలో నాకు జ్వరం వచ్చి, నీళ్ళిచ్చే దిక్కులేక పడుకుని, లేచాక ఆమెకి ఇలా రాశాను: "రేపల్లే, ఈ అంగడి మూసేద్దామనుకున్నాను. నాకు మిగిలింది నువ్వొక్కదానివే. నీ కోసమే తెరిచి ఉంచుతున్నాను."

ఆ శనివారం జవాబు రాలేదు. ఆ తర్వాతి శనివారమూ రాలేదు. ఏమైంది తల్లీ, ఒంట్లో బాగాలేదా అని మళ్ళీ మళ్ళీ రాశాను. ఉలుకూ పలుకూ లేదు.

అలా ఉండగా తెనాలి టీచర్లు కొందరు, మా ఊరొచ్చి మీ పేజీ సంగతి చెప్పండి అని పిలిచారు. మరునాడు బాపట్లలో కూడా చెప్పమన్నారు. మ్యాపు చూస్తే రేపల్లె ఆ పక్కనే ఉంది. లీవు రాసిచ్చి, పెద్ద కుటుంబం కదా అని పెద్ద సంచి నిండా మా వేయించిన శెనక్కాయలు కట్టుకుని బయలుదేరాను.

తెనాలి: గోడ మీద లోను

మా వైపు నీళ్ళ ట్యాంకరు వస్తే వీధంతా బిందెలతో పరిగెడుతుంది. తెనాలిలో ఊరి మధ్యనుంచే కాలవలు పోతున్నాయి. వాటి పక్కన నిలబడి వీళ్ళెవరూ అటు చూడనైనా చూడరు. నేను వంతెన మీద ఆగి నీళ్ళని చూస్తుంటే ఒక ఆటో అతను, "ఏంటి పిన్నిగారూ, ఏమన్నా పడిపోయిందా?" అని కంగారుపడ్డాడు. ఊరికే చూస్తున్నానయ్యా అంటే నమ్మలేదు.

ఇక్కడివాళ్ళ మాటలో మర్యాద ఎక్కువ. అండి లేకుండా వాక్యం ముగియదు. లాడ్జిలో అతను రిజిస్టరు తిప్పి, "ఒక్కరేనా అండి?" అన్నాడు. మెస్సులో వడ్డించే అతను ఆకు వేస్తూ, "ఒక్కరేనా అండి?" అన్నాడు. మా ఊళ్ళో అయితే ఆ ప్రశ్న మొరటుగా అడిగి ఊరుకుంటారు. వీళ్ళు అంత మర్యాదగా అడిగేసరికి మర్యాదగా జవాబు చెప్పాల్సి వస్తోంది. అవునండి, ఒక్కదాన్నేనండి.

బెల్లం జిలేబి తిన్నాను. నల్లగా, జిగటగా, వేలికి అంటుకుపోయేంత పాకంతో ఉంది. కొట్టతను పావుకిలోకి తక్కువ కట్టనన్నాడు. "ఇంటికి తీసుకెళ్ళండమ్మా, అందరూ తింటారు" అన్నాడు. అందరూ ఎవరని అతనికి చెప్పడం దేనికని పావుకిలో తీసుకుని, రెండు తిని, మిగతాది సంచిలో పెట్టుకున్నాను. సాయంత్రానికల్లా పాకం కారి నా నోట్సు రెండు పేజీలు అతుక్కుపోయాయి.

సమావేశం శనివారం మధ్యాహ్నం. దుగ్గిరాల నుంచి, అంగలకుదురు నుంచి కూడా టీచర్లొచ్చారు. నా ఫోన్‌ని ప్రొజెక్టరుకి తగిలించారు. నిజం చెప్పొద్దూ, శనివారం మధ్యాహ్నం కాబట్టి నాలో ఒక ఆశ. రేపల్లె జవాబు గనక ఇప్పుడొస్తే ఇంత పెద్ద అక్షరాలతో గోడ మీద పడుతుంది, అందరూ చూస్తారు. భిన్నాల ఆట చూపిస్తుండగా ఫోన్ టింగుమంది. నేను గబుక్కున గోడ వైపు తిరిగాను. "ప్రియమైన కస్టమర్, మీకు పది లక్షల లోను మంజూరైంది" అని గోడ మీద పడింది. హాలంతా ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వక చస్తానా?

చివర్లో ముందు వరసలోని ఒక పెద్దాయన లేచాడు. "అన్నీ బాగున్నాయండి. కానీ ప్రింటు తీసేదెవరండి? మా బళ్ళో ప్రింటరు లేదండి. క్లాసంతటికీ జెరాక్సులంటే మా జేబులోంచేనండి."

నాకు చురుక్కుమంది. ఇన్నేళ్ళుగా రంగురంగుల వర్క్‌షీట్లు చేస్తున్నాను, ఈ మాట నాకు తట్టనే లేదు. ఏదో ఒకటి సర్దుకోండి సార్ అని గొణిగి కూర్చోబోతుంటే, ఒక కుర్ర టీచరమ్మ అడిగింది.

"మేడం, మీ పేజీలో ఎవరన్నా రాస్తుంటారాండి?"

"ఒకామె రాస్తుంది" అన్నాను. రాసేది అనడానికి నోరు రాలేదు.

సూర్యలంక: చెప్పులు పోయిన ఆదివారం

బాపట్లలో ఆదివారం పొద్దున మాట్లాడాను. కార్తీక ఆదివారం కదా, వచ్చినవాళ్ళ మనసంతా వనభోజనాల మీదే ఉంది. గబగబా ముగించేశాం. "సముద్రం చూడకుండా వెళ్ళకండి" అని వాళ్ళే నన్ను సూర్యలంక ఆటో ఎక్కించి, వాళ్ళ వాళ్ళ ఇళ్ళవాళ్ళతో వెళ్ళిపోయారు.

సముద్రం కన్నా జనమే ఎక్కువున్నారక్కడ. తడి చీరలతో ఆడవాళ్ళు దీపాలు వదులుతున్నారు. సరుగుడు చెట్ల కింద జంపఖానాలు, క్యారియర్లు, పేకాటలు, ఏడుస్తున్న చంటిపిల్లలు. ఇంత గోలలో ఒక్కదాన్నే కూర్చుంటే, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పటికన్నా దిగులుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో ఫ్యానైనా తెలిసిన మొహం.

పక్క జంపఖానా మీది పెద్దావిడ నన్ను చాలాసేపు చూసింది. చివరికి ఉండబట్టలేక లేచొచ్చింది.

"ఏంటమ్మా, ఒక్కదానివే కూర్చున్నావు? లే, మాతో నాలుగు మెతుకులు తిందువుగాని."

వద్దన్నా వినకుండా చెయ్యి పట్టి లేవదీసింది. మోకాలు పట్టేసి నేను మూలిగితే, "అయ్యో, ఈ వయసుకే!" అంది. పులిహోర, గోంగూర, దప్పళం, గట్టి పెరుగు. గోంగూర మేమూ తింటాం గాని వీళ్ళు దాన్లో వేసే కారానికి దండం పెట్టాలి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ పెరుగు వడ్డిస్తూ ఆరా తీసింది.

"ఇంత దూరం ఎవరి కోసమమ్మా?"

"రేపల్లెలో స్నేహితురాలుంది. చూడ్డానికి వెళ్తున్నా."

"పేరేంటి?"

"రేపల్లె."

"ఊరి పేరడగలేదమ్మా, మనిషి పేరేంటీ?"

తెలియదని చెప్పాను. ఫోన్‌లోనే పరిచయం అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. "పేరు తెలీకుండా స్నేహమేంటమ్మా, విడ్డూరం కాకపోతే! మా ఇంటికి పాలు పోసే అతని పేరు, వాళ్ళ పిల్లల పేర్లు కూడా చెబుతాను నేను." వాళ్ళింటివాళ్ళంతా నవ్వారు. ఎగతాళి కాదు, ఆవిడ నోరే అంత. కానీ నిజమే కదా, రేపు ఊళ్ళో దిగి ఎవరి కోసమని అడగాలి?

చెయ్యి కడుక్కుందామని నీళ్ళ దగ్గరికి వెళ్ళాను. చెప్పులు ఒడ్డున విడిచి, అలని చూస్తూ నిలబడ్డాను. తిరిగి చూస్తే చెప్పుల్లేవు. అంతమందిలో సముద్రానికి నా చెప్పులే దొరికాయి! తిరిగి వచ్చేటప్పుడు బజార్లో రబ్బరు చెప్పులు కొన్నాను. అవి వేలి సందులో కొరికి కొరికి చంపాయి.

రేపల్లె: మేడమెట్లు

సోమవారం పొద్దున బస్సులో వరి చేల మధ్యనుంచి వెళ్తుంటే పక్క సీట్లో ఎండుచేపల గంపతో ఒకామె ఎక్కింది. మామూలు రోజైతే ఆ వాసనకి ముక్కు మూసుకునేదాన్ని. ఆ రోజు మాత్రం, రేపల్లె వాళ్ళమ్మ ఈమేనేమో అనిపించి, "మీ అమ్మాయి టీచరా?" అని అడిగాను. "నాకు అమ్మాయిల్లేరండి, ఇద్దరూ మగపిల్లలే" అంది ఆమె, నన్ను వింతగా చూసి.

నా దగ్గరున్న ఆనవాళ్ళు రెండే. బడి కిటికీలోంచి మసీదు మినారు కనబడుతుందని ఒకసారి రాసింది. రైలు కూత వేస్తే పాఠం ఆపుతామని ఇంకోసారి రాసింది. అదే ఆటో అతనికి చెప్పాను. అతను తల గోక్కుని, "మేడ మీద క్లాసులున్న బడేనండి అయితే. ఎక్కండి పెద్దమ్మా" అన్నాడు. పిన్నిగారి నుంచి పెద్దమ్మ దాకా వచ్చాను మూడు రోజుల్లో.

అది ప్రాథమిక పాఠశాల. కింద చిన్న తరగతులు, పైన ఒక గదీ, దాని ముందు వరండాలో అయిదో తరగతి. నేను మెట్ల దగ్గరికి చేరేసరికి పైనుంచి ఒక ఆడపిల్ల గొంతు, ముక్క ముక్కా కూడబలుక్కుంటూ చదువుతోంది.

"మా... పెరట్లో... పిల్లి ఈనింది. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. మూడోది... ఏ రంగో దానికే తెలీదు."

నా కాలు అక్కడే ఆగిపోయింది. అది నా మాట. రేపల్లెకి నేను రాసిన మాట.

రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాను. చెప్పు కొరుకుతోంది, మోకాలు లాగుతోంది. పైన చదువు ఆగిపోయింది. పిల్లలందరూ పిట్టగోడ మీద గడ్డాలు ఆనించి, నేనెక్కడం చూస్తున్నారు. మెట్ల చివర నలభై ఏళ్ళామె, తల మీద కొంగు సర్దుకుంటూ ఎదురొచ్చింది. "ఎవరు కావాలండి?"

"కదిరి నుంచి వచ్చాను. లెక్కల అంగడి..."

నేను పూర్తి చెయ్యకముందే ఆమె వెనకనుంచి ఒక పిల్ల కేక పెట్టింది. "సంగటి టీచర్!"

క్లాసు క్లాసంతా లేచి నిలబడింది. ఆ టీచరు మొహం మాత్రం పాలిపోయింది. ఆమె పేరు నాగూర్‌బీ. ఆ పేరు అప్పుడు విన్నాను.

"అయితే మీరేనా రేపల్లె?" అన్నాను.

"నేను కాదండి" అంది ఆమె తల దించుకుని. "వీళ్ళండి."

శనివారం శనివారం ఒక పిల్ల వంతో, పిల్లాడి వంతో ఉంటుందట. వారంలో నేర్చుకున్నదీ, ఒక సందేహమూ, ఇంటి సంగతీ ఎవరికి వాళ్ళు బోర్డు మీద రాయాలి. తప్పులు దిద్దాక నాగూర్‌బీ తన ఫోన్‌లో టైపు చేసి పంపుతుంది. పిల్లల పేర్లు నెట్‌లో పెట్టకూడదని బడి నియమం. అందుకని అందరికీ కలిపి రేపల్లె అన్నదే పేరు. మూడేళ్ళుగా ఇదే వరస. అయిదో తరగతి మారుతుంది, రేపల్లె మారదు.

బిర్యానీ మామయ్య ఒకడిది. చేపల గంప అమ్మ ఇంకొక పిల్లది. రంజాన్ పాయసం, గంగమ్మ పొంగళ్ళు వేరువేరు ఇళ్ళవి. నేను అసూయపడిన ఆ పెద్ద కుటుంబం, కింద చాపల మీద కూర్చుని నా వైపు చూస్తోంది. నా స్నేహితురాలికి ఏ జబ్బూ చెయ్యలేదు. ఆమె అసలు ఈ భూమ్మీద లేనే లేదు.

కోపం ముంచుకొచ్చింది. పిల్లలున్నారని కూడా చూడలేదు. "మూడేళ్ళపాటు నన్ను వెర్రిదాన్ని చేశారు కదమ్మా! నా బాధలన్నీ వీళ్ళ ముందు చదివి వినిపించారా?"

"వినిపించడం కాదండి, వీళ్ళచేతే చదివించాను" అంది నాగూర్‌బీ. "మీ వర్క్‌షీట్లు మేం వాడలేదండి, ప్రింటరు లేదు. మీ జవాబులే మాకు వాచకం. పుస్తకం తియ్యమంటే నీలిగే పిల్లలు కూడా మీ ఉత్తరం నేను చదువుతానంటే నేను చదువుతానని కొట్టుకునేవాళ్ళండి. పిల్లి ఏమైందో, మీ కాలు ఏమైందో తెలుసుకోవాలని చదవడం నేర్చుకున్నారండి."

"మరి ఎందుకు ఆపేశారు?"

"నాకు మిగిలింది నువ్వొక్కదానివే అని రాశారు చూడండి. ఆ రోజు చదువుతున్న పిల్ల ఆ లైను దగ్గర ఆగిపోయిందండి. 'టీచర్, ఈమెకి ఎవరూ లేరా?' అని అడిగింది. నాకప్పుడు తెలిసిందండి మీరు మమ్మల్ని ఒక మనిషనుకుంటున్నారని. నిజం చెబితే మీరేమైపోతారో. చెప్పకుండా రాయిస్తే నాకు పాపం. ఏం చెయ్యాలో తోచక ఊరుకున్నానండి. కొత్తవి లేవని వీళ్ళు గోల చేస్తుంటే పాతవే చదివిస్తున్నా."

ఆమె స్థానంలో నేనున్నా ఏం చేసేదాన్నో నాకు తెలియదు. స్టూలు లాక్కుని కూలబడ్డాను. చుట్టూ పిల్లలు చేరారు. మూడో పిల్లికూన ఏ రంగని తేలింది? సంగటి గొంతుకి అడ్డం పడదా? కదిరిలో నిజంగా కాలవే లేదా? ఒకమ్మాయి అందరూ అయ్యేదాకా ఆగి, దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పింది.

"నాన్న పడవ రాలేదని రాసింది నేనండి. వచ్చిందండి. మర్నాడే వచ్చింది."

"మరి నేనడిగితే చెప్పలేదేంటమ్మా? ఎంత భయపడ్డానో తెలుసా?"

"తర్వాతి వారం వేరేవాళ్ళ వంతు కదండీ" అంది ఆ పిల్ల, అంత మాత్రం తెలియదా అన్నట్టు.

మధ్యాహ్నం వాళ్ళతోనే బడి భోజనం చేశాను. శెనక్కాయల సంచి విప్పితే దోసిళ్ళు చాలక జేబుల్లో, గౌను మడతల్లో, పలక మీద పోయించుకున్నారు. పెద్ద కుటుంబమని తెచ్చింది సరిగ్గా సరిపోయింది. తెనాలి జిలేబి మాత్రం దారిలో తింటూ రాగా మిగిలింది ఒక్క ముక్కే కాబట్టి, పడవ పిల్లకిచ్చాను. దిగేటప్పుడు నాగూర్‌బీ నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

రైలు స్టేషనులో టీ తాగుతుంటే కొట్టతను, "ఒక్కరేనా అండి?" అన్నాడు. అవునండి అన్నాను. బడిలో అంతమంది ఉన్నా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళకి ముందే తెలుసు. తెనాలి వరకూ కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడ్చాను. లేని మనిషి కోసం ఏడవడం సిగ్గుచేటే. కానీ మూడేళ్ళు నేను మాట్లాడింది ఆమెతోనే.

మళ్ళీ ఇంట్లో, శనివారం

వచ్చాక అంగడిలో సరుకు మార్చాను. రంగుల వర్క్‌షీట్లు మానేశాను. బోర్డు మీద సుద్దతో రాసుకోగలిగే లెక్కలు, ఫోన్‌లో చూసి చదివించుకోగలిగే చిన్న చిన్న కబుర్లు పెడుతున్నాను. తెనాలి పెద్దాయనకి ఆ సంగతి రాస్తే, సంతోషమండి అని జవాబిచ్చాడు.

శనివారం మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. మళ్ళీ లోను మెసేజేమో అనుకున్నాను.

"టీచర్ గారికి నమస్కారం. ఈ వారం నా వంతు. పేరు రాయకూడదు. మీరిచ్చిన కాయలు తమ్ముడికి కూడా ఇచ్చాను. మీ మోకాలు ఎలా ఉంది?"

ఇంతకు ముందైతే పేజీ నిండా రాసేదాన్ని. నొప్పి, నిద్రపట్టకపోవడం, ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాలంటే వచ్చే నీరసం. ఇప్పుడు అటువైపు పదేళ్ళ పిల్లో పిల్లాడో ఉన్నారని తెలిసి ఇవన్నీ ఎలా రాయను? చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషీ పోయింది. చాలాసేపు ఆలోచించి, పిల్లలతో పెద్దవాళ్ళు చెప్పేదే చెప్పాను.

"పూర్తిగా తగ్గిపోయిందమ్మా. ఇప్పుడు పరిగెత్తగలను కూడా."

టీ పెట్టుకుందామని లేవబోతుండగానే జవాబు వచ్చేసింది.

"అబద్ధం టీచర్. మీరు మెట్లెక్కేటప్పుడు మేమందరం చూశాం."